కాలువను తవ్విన కాపలా కుక్క

నా చిన్నప్పుడు మా చెరకు తోటకు నీళ్లు మట్టి కాలువలో పారేవి. చిత్తూరు దగ్గర మాది ఇసుక నేల. అందుకే మా జేజి, అంటే మా నాయన తల్లి, కాలువ లోపలంతా బంకమట్టి మెత్తేది. ఆ పూత గట్టిగా ఉంటేనే బావి దగ్గర వదిలిన నీళ్లు చివరి మడి దాకా చేరేవి.

ఒక ఎండాకాలం చివరి మడిలో చెరకు వాడిపోసాగింది. బావిలో నీళ్లకు కొదవ లేదు. జేజి నన్ను వెంటబెట్టుకుని కాలువ పొడుగునా నడిచింది. తోట కాపలాకు పెంచుకున్న మా కుక్కే, ఎలుక ఉందనుకుని, అక్కడక్కడ పూతను గోళ్లతో పెరికేసింది. నీళ్లు దారిలోనే ఇంకిపోతున్నాయి. మేము చేరేసరికి అది ఇంకా తవ్వుతూనే ఉంది. జేజి మెడపట్టి దాన్ని పక్కకు లాగింది.

"దీన్ని కొండ అవతల ఇడిసిపెట్టొస్తా" అన్నాడు నాయన.

"రేపు అడివిపందులొస్తే నువ్వు మొరగతావా రా?" అంది జేజి.

ఆమె తాడు తెచ్చింది. కుక్క కంచె దాకా పోగలగాలి, కాలువను మాత్రం అందుకోకూడదు. తాడు పొడుగైతే కాలువకు ముప్పు, కురచైతే తోటకు ముప్పు. కట్టి, కుక్క వెంట నడిచి చూసి, విప్పి, మళ్లీ కట్టింది. సరిగ్గా కుదిరాక గుంటలకు బంకమట్టి మెత్తింది. పూత నిలవని చోట పక్కనుంచి పిల్లకాలువ తీసింది. నీళ్లు ఆలస్యంగానైనా చివరి మడికి చేరాయి. అప్పటికే ఎండిన గడలు మాత్రం తేరుకోలేదు.

"నీళ్లొచ్చినాయి గదా జేజీ, కుక్కను ఇప్పేద్దామా?" అన్నాను.

"తాడుండబట్టే గదమ్మే వచ్చినాయి" అంది.

ఈమధ్య తిరుపతిలో ఉండే మా మనవరాలికి ఒక కన్ను మసకబారి, కొన్ని వారాలకు తేరుకుంది. తరువాత కాళ్లు మొద్దుబారాయి. స్కాన్ తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఈ జబ్బులో మనల్ని కాపాడే రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో నరాల మీది పూతను పెరికేస్తుంది. మెదడు పంపిన కబురు ఆలస్యంగా చేరుతుంది, లేదా చేరదు. జబ్బు తిరగబెట్టినప్పుడు స్టెరాయిడ్ ఇస్తారు. అది కుక్కను మెడపట్టి లాగడం. ఏళ్ల తరబడి వాడే మందు తాడు. అది బిగిస్తే వేరే జబ్బులు సోకే వీలుంది కనుక రక్తపరీక్షలు చేస్తుంటారు. వ్యాయామం పిల్లకాలువ, కబురు పోవడానికి పక్కదారి చూపిస్తుంది. ఒక్కచోట నా పోలిక కుదరదు, అది దాచను. శరీరం తనంతట తాను కొంత పూత మెత్తుకుంటుంది గానీ, జేజిలాగా మెత్తే మందు ఇంకా రాలేదు.

కాళ్లు బాగుపడ్డాక మనవరాలు అడిగింది. "ఇప్పుడు బాగానే ఉండాను గదవ్వా, మందు ఆపేస్తే ఏమైతాది?"

నేను కుక్క కథ చెప్పాను. చివరిదాకా వింది.

"అయితే నాలో కుక్క ఉండాదంటావు" అంది.

"మంచి కుక్కే. దారి తప్పిందంతే" అన్నాను.

నవ్వింది. మందు ఆపలేదు.

నీళ్లు నిండుగా పారే రోజున కూడా మా జేజి పొద్దున్నే వెళ్లి తాడు ముడి చూసి వచ్చేది. ఆ రోజుల్లో అదెందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మనవరాలు కులాసాగా ఉన్న రోజునే నేను ఫోన్ చేసి, మందు వేసుకున్నావా అని అడుగుతాను.