నేను చూడని రెండో డిస్కు

ఫలానా సినిమా చూడవచ్చునని నేను చెబితే, మా దీవుల్లో కొన్ని తెలుగు కుటుంబాలు ఇక మరొకరిని అడగవు. అది నేను సంపాదించుకున్న గౌరవమని అందరూ అనుకుంటారు. నేను మాత్రం దానిని, దొంగిలించి తెచ్చిన వస్తువును ఇంట్లో దాచుకున్నవాడిలా, ఇన్నేళ్ళుగా భయపడుతూ మోస్తున్నాను.

ప్రస్తుతం నేను పోర్ట్‌బ్లెయిర్‌కు ఉత్తరాన రంగత్‌లో ఉపాధ్యాయుడిని. కొత్తగా చూసిన ప్రతి సినిమా గురించీ ఇక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు రాస్తాను. కథ నిలబడిందా, ఇంట్లో పెద్దలతో కూర్చుని చూడవచ్చునా, ఎక్కడ మనసు కష్టపడుతుంది, ఇటువంటివి. చివరి పేరు పడేవరకు తెర ముందు నుంచి లేవను. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక మళ్ళీ అక్కడి నుంచి చూస్తాను. 'మాస్టారు సినిమాను పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తారు' అని వాళ్ళు నవ్వుతారు. క్రమశిక్షణ అంటారు.

అది క్రమశిక్షణ కాదు. ఏమిటో మీకు చెబుతాను. నా భార్యకు కూడా చెప్పలేదు.

మా నాన్న పోర్ట్‌బ్లెయిర్ డెలానీపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో మజ్దూర్‌గా పనిచేసేవాడు. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. చదువు పూర్తయిన కొత్తలో నాన్న నన్ను ఎవరికి పరిచయం చేసినా నా పేరు చెప్పేవాడు కాదు. 'మావాడు. డిగ్రీ అయిపోయింది' అనేవాడు. నాకు తెలియనిది ఏదైనా ఉందని పదిమందిలో ఒప్పుకోవడం, ఆ రోజుల్లో, నాన్నను అవమానించడమే అనిపించేది. ఇది సాకుగా చెబుతున్నానా? కావచ్చు. ఏది సాకో ఏది కారణమో ఇప్పటికీ నేను విడదీయలేకపోతున్నాను.

అప్పటికి సునామీ అల వచ్చి కొన్ని నెలలయింది. హట్ బేలో ఇళ్ళూ పడవలూ పోగొట్టుకుని ఓడలో పోర్ట్‌బ్లెయిర్ చేరిన మత్స్యకార కుటుంబాలను ఊరికి ఎడంగా, కొండవాలులో వేసిన రేకుల షెడ్లలో ఉంచారు. నేను అక్కడి పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్ళేవాడిని. ఆదివారం సాయంత్రం జనరేటరు వేసి, ఎవరో ఇచ్చిన టీవీలో ఒక తెలుగు సినిమా ప్రదర్శించేవారు.

ఆ షెడ్లలో ఒక నియమం తనంతట తానే ఏర్పడింది. సముద్రం ఉన్న సినిమా వేయకూడదు. సముద్రమే కాదు, వరద, పొంగే ఏరు, మునిగే పడవ, ఏదీ ఉండకూడదు. అవేవీ లేనిదానిని వాళ్ళు 'పొడి సినిమా' అనేవారు. పొడి సినిమా దొరకడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలియదు. మన నాయికానాయకులకు ప్రేమ కలిగితే సముద్రపు ఒడ్డుకు పరుగెత్తకుండా ఉండలేరు. 'ఆళ్ళకి ఇంకో సోటే దొరకదేటి? సంతలో పాడుకుంటే ఎవులొద్దన్నారు?' అని ఒక ముసలమ్మ అడిగితే షెడ్డంతా నవ్వింది. అక్కడ అందరూ కలిసి నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.

అందుకని ప్రతి సినిమాను ముందుగా ఒకరు పూర్తిగా చూసి, పొడిదో కాదో చెప్పాలి. చదువుకున్నవాడినని ఆ పని నాకు అప్పగించారు.

డిస్కులు ఇచ్చేది సింహాచలం భయ్యా. ఫీనిక్స్ బే జెట్టీకి దగ్గరలో అతనికి చిన్న దుకాణం ఉండేది. విశాఖపట్నం ఓడలో వచ్చే సినిమాలను అద్దెకిచ్చేవాడు. షెడ్లకు మాత్రం ఊరికే ఇచ్చేవాడు. అతని తాతగారి కాలంలోనే ఆ కుటుంబం ఇక్కడికి వచ్చింది. హిందీ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడగలడు, చదవలేడు. కవరు మీద ఏముందో నేనే చదివి వినిపించేవాడిని. ఏది పంపాలో మాత్రం పేరుతో కాక రంగుతో చెప్పేవాడిని. పచ్చ కవరుది పంపు, పసుపుది వద్దు. మా ఇద్దరికీ అది అలవాటైంది.

ఆ ఆదివారం రెండు సినిమాలున్నాయి. నీలం కవరు సినిమాలో మొదట్లోనే ఒక పడవ ప్రయాణం వచ్చింది. పక్కన పెట్టేశాను. ఎర్ర కవరుది ఒక పెళ్ళింటి కథ. వియ్యంకుల పంతాలు, వంటవాళ్ళ అలకలు. దుకాణం వెనక గదిలో ఒక్కడినే కూర్చుని నవ్వుకుంటూ చూశాను. ఆ రోజుల్లో ఒక్కో సినిమా రెండు డిస్కులుగా వచ్చేది. మొదటిది ముగిసింది. రెండోది చేతిలోకి తీసుకున్నాను. కరెంటు పోయింది.

కొంతసేపు ఎదురుచూశాను. ఆ తరువాత ఏమనుకున్నానో నాకు స్పష్టంగా గుర్తుంది. ఇంత హాస్యంగా నడిచిన కథ రెండో సగంలో పెళ్ళితో ముగియక మరేమవుతుంది అనుకున్నాను. చదువుకున్నవాడికి ఆ మాత్రం ఊహించడం రాదా అనుకున్నాను.

జెట్టీ నుంచి పార్సిల్ తెచ్చుకుని సింహాచలం భయ్యా వచ్చాడు.

"అరే, దోనో డిస్కులూ చూసేసినావా? పక్కా?"

"చూశాను భయ్యా. ఎర్రది పంపించు."

అంత తేలికగా వచ్చింది ఆ మాట.

ఇప్పుడు నూకాలత్త గురించి చెప్పాలి. ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ నా మనసు వెనక్కి తగ్గుతుంది. అల వచ్చిన ఉదయం ఆమె కొడుకు చేయి ఆమె చేతిలోనే ఉందట. తరువాత లేదట. ఇంతే నాకు తెలుసు; ఇంతకంటే ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. షెడ్లకు వచ్చాక ఆమె తన గది దాటి నలుగురిలోకి రాలేదు. ఆదివారాల్లో తలుపు మూసుకునేది. ఆమె భర్త అప్పన్న మావ వారం వారం బతిమాలేవాడు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది. తల దువ్వుకుని ఉంది.

"బాబూ, ఇయ్యాల్టి సినిమా పొడిదేనా?"

"పొడిదే అత్తా."

"నువ్వే సూసినావా, ఎవులైనా సెప్తే ఇన్నావా?"

"నేనే చూశాను."

"డిగ్రీ సదివినోడికే పరీచ్చ పెడతన్నావేటే నువ్వు?" అని అప్పన్న మావ నవ్వాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "హట్ బేలో సినిమా అంటే కూర సగంలో దించేసి ముందుకెళ్ళి కూకునేది బాబూ ఇది. నా కూడు ఎన్నిసార్లు మాడిందో నెక్కే నేదు."

ఆమె ఆ హాస్యానికి నవ్వలేదు. నన్నే చూస్తోంది. "ఆకరుదాకా సూసినావా? ఉంటే ఉందని సెప్పీ బాబూ. నానేటీ అనుకోను. గదిలోనే ఉండిపోతాను."

ఉంటే ఉందని చెప్పమంది. ఏమీ అనుకోనంది. తెలియదనడానికి దారి కూడా ఆమే చూపించింది.

"ఆఖరిదాకా చూశాను అత్తా. నువ్వు రా."

ఆమె వచ్చింది. ఆడవాళ్ళు జరిగి చాప మీద చోటిచ్చారు. నేను చివరి షెడ్డులో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతూ, మొదటి సగమంతా వాళ్ళ నవ్వులు వింటూ గడిపాను. రెండో డిస్కు పెట్టే వేళకు వచ్చి వెనుక నిలబడ్డాను. నూకాలత్త పక్కనున్నామె చెవిలో ఏదో చెబుతోంది. నేను తెచ్చిన ఫలితం అది. గర్వంగా చూశాను.

తెర మీద వాన మొదలైంది.

వాన ఆగిపోతుందనుకున్నాను. పెళ్ళి పందిరి తడిసింది. జనం పరుగెత్తారు. ఎవరో ఏటి గట్టు గురించి అరిచారు. 'ఆపండి' అంటే చాలు. ఒక్క మాట. కానీ ఆపమని అంటే, చూడలేదని చెప్పినట్టే. నమ్ముతారా మీరు? ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆమెకు ఏం జరగబోతోందో నాకు తెలిసి ఉండగా, నేను సినిమాలోని వాన ఆగాలని దేవుణ్ణి ప్రార్థిస్తూ నిలబడ్డాను.

నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. ఒక తల్లి ఇంటికప్పు మీద నుంచి పిల్లవాడి చేయి పట్టుకుని ఉంది. పట్టు జారుతోంది.

నూకాలత్త అరవలేదు. లేచింది. టీవీ దగ్గరికి నడిచి, తెర మీద ఆ పిల్లవాడి చేయి ఉన్నచోట తన అరచేతిని ఆనించి గట్టిగా నొక్కింది. దృశ్యం మారిపోయింది. ఆమె చేయి తీయలేదు. అప్పన్న మావ వైరు పీకేశాడు. నల్లబడిన తెర మీద కూడా ఆ చేయి అలాగే ఉంది.

ఆమెను ఆడవాళ్ళు గదిలోకి తీసుకువెళ్ళాక, మావ నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, అర్థంకానివాడిలా. "బాబూ, సూసినానన్నావు కదా?"

నేను అన్నాను: "ఇది నేను చెప్పిన సినిమా కాదు మావా. దీనిని వద్దన్నాను. నీలం కవరుది పంపమన్నాను. భయ్యాకు తెలుగు చదవడం రాదు కదా..."

అక్కడ ఆపాను. మిగిలినది వాళ్ళు పూర్తి చేసుకున్నారు.

మర్నాడు సింహాచలం భయ్యా సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. అందరి ఎదుటా నన్ను అడిగాడు. "నువ్వు లాల్ కవర్ అన్లేదూ?" నేను అతని కళ్ళలోకి చూస్తూనే, "కాదు భయ్యా, నీలం అన్నాను" అన్నాను. అతను వాదించలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఏ చేత్తో ఏ కవరు తీశాడో గుర్తుచేసుకుంటున్నట్టు. తెలుగు చదవలేని మనిషి, డిగ్రీ ఉన్నవాడి జ్ఞాపకం ముందు తన జ్ఞాపకాన్ని వదులుకోవడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ తరువాత షెడ్లవాళ్ళు అతని డిస్కులు ముట్టలేదు. ఆ మాట ఊళ్ళోని తెలుగు ఇళ్ళకూ పాకింది. కొంతకాలానికి దుకాణం మూతపడింది. డిస్కుల కాలమే ముగిసిపోతోందని, ఎలాగూ మూసేవాడేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే. ఆ నిజం వెనుక దాక్కున్నదీ నేనే.

నూకాలత్త మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు. కొన్నాళ్ళకు అప్పన్న మావ ఆమెను ఓడ ఎక్కించి, శ్రీకాకుళం వైపు తన అన్నగారి ఊరికి తీసుకుపోయాడు. ఓడ ఎక్కేటప్పుడు ఆమె కళ్ళకు గుడ్డ కట్టారని విన్నాను. అక్కడ ఎలా ఉందో తెలుసుకోవడం కష్టం కాదు. నేను తెలుసుకోలేదు.

ఇదంతా నాతోనే పోతుందనుకున్నాను. కిందటి నెల ఫీనిక్స్ బేలో, రంగత్ పడవ టిక్కెట్ల వరుసలో ఎవరో భుజం తట్టారు. తల పూర్తిగా నెరిసింది. అయినా గుర్తుపట్టాను.

"మాస్టర్‌జీ! నా కోడలు నీ మెసేజులు చదివి వినిపిస్తాది. నువ్వు మంచిదంటేనే మేం చూస్తాం" అన్నాడు సింహాచలం భయ్యా. "కొత్తది ఏదైనా బతావ్. ఫోన్‌లో పెట్టుకుంటా."

ఒక సినిమా పేరు చెప్పాను. అతను ఆ పేరును రెండుసార్లు పలికి గుర్తుపెట్టుకున్నాడు. తరువాత, వరుస ముందుకు జరుగుతుండగా, మెల్లగా అన్నాడు.

"ఆ రోజుది ఇప్పటికీ దిమాగ్‌లోంచి పోదు. నువ్వు నీలమే అన్నావ్. పార్సిల్ తొందరలో నేనే సరిగ్గా వినలేదు. ఆ దీదీకి నా వల్లే అట్లా అయింది. నిన్ను కూడా అందర్లో నిలబెట్టి అడిగాను. మాఫ్ కర్నా, తమ్ముడూ."

ఇన్నేళ్ళు అతను నన్ను ద్వేషిస్తున్నాడనుకున్నాను. ఆ ద్వేషం నాకు తగినదేనని, ఒక విధంగా దానితో లెక్క సరిపోతుందని ఊరట పడ్డాను. అతను ద్వేషించలేదు. నా అబద్ధాన్ని తన తప్పుగా తీసుకెళ్ళి, ఇంట్లో పెట్టుకుని, దానితో ముసలివాడయ్యాడు.

టిక్కెట్టు కిటికీ దగ్గర నా వంతు వచ్చింది. పడవ సైరన్ మోగింది. "పాతవి వదిలెయ్ భయ్యా" అన్నాను. ఆ మాట అన్నాను. అతను తల ఊపి, నా సంచి అందుకుని పడవ వరకు మోసుకొచ్చాడు.

అతనికి చెబుతానా? ఈ నెలంతా ఆ ప్రశ్నతోనే తిరుగుతున్నాను. చెబుతానని ఇక్కడ రాస్తే, అది చూడని సినిమాకు హామీ ఇవ్వడం వంటిదే. అందుకని రాయను. మీరు నన్ను క్షమించాలని కూడా అడగను. క్షమించవలసినవాళ్ళు మీరు కారు. జరిగినది జరిగినట్టు ఒక్కసారైనా, ఒక్కరి ఎదుటైనా ఉండాలి. అంతకుమించి నేనేమీ కోరడం లేదు.

సింహాచలం భయ్యా సరిగ్గానే విన్నాడు. నేను ఎర్రదే పంపమన్నాను. ఆ రెండో డిస్కు నేను చూడలేదు.