సెలూను హత్సుమి, ఒకుతాని బస్సు

కజెహామ అనే రేవు ఊళ్ళో సెలూను హత్సుమి చేతికింద వంగని మగవాడి తల లేదు. రేవులో వలలు బాగుచేసుకునే ముసలివాళ్ళ దగ్గర్నుంచి బడిపంతుళ్ళ దాకా అందరూ ఆమె కుర్చీలో కూర్చున్నవాళ్ళే. భర్త తెయిజో బతికున్న రోజుల్లో గడ్డాల పని ఆయనది, జుట్టు పని ఆమెది. తెయిజో రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ లోటు కూడా కలిపి హత్సుమే మాట్లాడేది. చేపల ధర, గాలివాన, ఎవరి మనవడికి పళ్ళొచ్చాయి, ఎవరి పడవకి తుప్పు పట్టింది, ఇవన్నీ కత్తెర చప్పుడుతో పాటు సాగిపోయేవి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అలా అన్నవాళ్ళే, ఇంట్లో దిగులు పుడితే జుట్టు పెరగకపోయినా వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు.

తెయిజో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కర్మకాండ ముగిసిన మర్నాడే ఆవిడ సెలూను తలుపు తీసింది. "అప్పుడే తీశావేంటమ్మా?" అని ఎవరో అడిగితే, "మీ జుట్టు ఆగుతుందా ఏమిటి?" అంది. గడ్డాలు గీయడం కూడా తనే నేర్చుకుంది. అంతకుమించి ఆయన గురించి ఎవరిదగ్గరా ఎత్తలేదు. అన్ని కబుర్లు చెప్పే మనిషి ఆ ఒక్క కబురూ చెప్పలేదన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

ఆవిడ టౌన్ కౌన్సిల్లోకి వెళ్ళడం కూడా ఆ సెలూన్లోనే తేలింది. ఆ ఏడు ఎన్నికలకి ఒక సీటుకి మనిషి దొరకలేదు. కుర్రకారంతా పట్నాల్లో ఉన్నారు, ఉన్నవాళ్ళకి ఓపిక లేదు. కలప అడితి ఒనిత్సుక గారు ఎప్పట్నుంచో కౌన్సిల్ చైర్మన్. భారీ మనిషి, మెడ మీద మడతలు. ఒకరోజు గుడ్డ కప్పించుకుని కూర్చుని, అద్దంలోంచి ఆవిడని చూస్తూ అన్నాడు.

"హత్సుమి గారూ, ఈసారి మీరు నిలబడాలి."

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను కదండీ."

"అది కాదండీ బాబూ, కౌన్సిల్‌కి."

"తల కదపకండి. చెవి తెగితే చైర్మన్ గారి మీద దాడి అని కేసు పెడతారు."

"నిజంగానే అడుగుతున్నాను. ఊరి కష్టసుఖాలన్నీ మీ దగ్గరికే వస్తాయి. వాటిని అక్కడికి తెచ్చి చెప్పండి, చాలు."

ఆమె నవ్వేసింది. ఒనిత్సుక మాత్రం నవ్వలేదు. ఆరోజు సాయంత్రం తెయిజో ఫొటో ముందు దీపం వెలిగించి, అన్నం గిన్నె పెట్టి, "ఏమంటారు?" అని అడిగింది. ఆయన బతికుండగానే ఏమీ అనేవాడు కాదు. సరే, ఒప్పుకున్నట్టే అనుకుంది. పోటీ లేదు కాబట్టి ఓట్లూ లేవు. అలా మెంబరైంది.

కౌన్సిల్ పనంటే ఏముంది? ఫలానా వీధిలో పగిలిన నీళ్ళ గొట్టం, చేపల మార్కెట్టు కప్పు కారడం, అడవిపందులు వరిమళ్ళలో పడకుండా కంచె, చెత్తబండి మంగళవారం రావాలా బుధవారం రావాలా. ఇవన్నీ ఆవిడకి ఇష్టమైన సంగతులే. సెలూన్లో వీటి మీద గంటలకొద్దీ మాట్లాడగలదు. తీరా మొదటిసారి రేవు దగ్గర దీపం గురించి అడగడానికి హాల్లో ముందుకి వెళ్ళి మైకు దగ్గర నిలబడేసరికి గొంతు పెగల్లేదు. ఎదురుగా కోట్లు వేసుకున్న మగవాళ్ళు. తన రెండు చేతులూ ఖాళీ. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కొయ్యబొమ్మలా నిలబడి, చివరికి "నమస్కారం" అని వచ్చి కూర్చుంది.

మర్నాడు చేపల మార్కెట్టు వాళ్ళు సెలూన్లో ఆట పట్టించారు.

"ఏమమ్మా హత్సుమక్కా, సెలూన్లో కౌన్సిలూ, కౌన్సిల్లో మౌనవ్రతమూనా?"

"ఇక్కడైతే మీ తలల వెనక నిలబడతాను. అక్కడ అందరి మొహాలూ నా వైపే ఉన్నాయిరా. భయపడ్డాను," అందావిడ.

అందరితో పాటు తనూ నవ్వింది గానీ, ఆ తర్వాత చాలాకాలం మైకు దగ్గరికి వెళ్ళలేదు. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తేది, దించమన్నప్పుడు దించేది.

అలాంటి మనిషికి ఒకుతాని బస్సు వచ్చి పడింది.

ఒకుతాని కొండమీది పల్లె. ఒకప్పుడు బొగ్గు కాల్చేవాళ్ళు నిండుగా ఉండేవారు. ఇప్పుడు పొగ లేచే ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పొద్దున్న ఒక బస్సు కిందికి వస్తుంది, సాయంత్రం పైకి వెళ్తుంది. ఆ బస్సు ఆగేది సరిగ్గా హత్సుమి సెలూను చూరు కింద. చాలా రోజులు అందులోంచి దిగేది ఒక్క మనిషే, షిగెనో మామ్మ. వంగిన నడుము, నీలం తలగుడ్డ, చేతిలో మూటకట్టిన టిఫిన్ డబ్బా.

ఆ మామ్మ భర్త ఎయికిచి రేవు పక్కన వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. మతి పోయింది. మధ్యాహ్నం అన్నం ఆవిడే వెళ్ళి తినిపిస్తుంది. సాయంత్రం బస్సు వచ్చేదాకా హత్సుమి సెలూన్లో స్టవ్ దగ్గర కూర్చుని టీ తాగుతుంది.

"ఇవాళ ఎలా ఉన్నారు మామ్మా?"

"ఉన్నాడు. సగం తిని, 'కొంచెం మా ఆవిడకి ఉంచమ్మా, ఆవిడ ఇంకా రాలేదు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఉంచుతాలెండి అన్నాను. ఏమంటాను మరి?" అని మామ్మ ముల్లంగి ఊరగాయ ముక్క కరకర నమిలేది.

ఆ చలికాలం కౌన్సిల్ ఎజెండాలో వచ్చింది, వసంతం నుంచి ఒకుతాని బస్సు ఆపేయాలని. బండి పాతది, డ్రైవరు రిటైరవుతున్నాడు, ఎక్కేవాళ్ళు లేరు. తీర్మానంలో అబద్ధం ఒక్కటీ లేదు. హత్సుమి కాగితం తెచ్చి మామ్మకి చదివి వినిపించింది.

"నేను అడుగుతాను మామ్మా. నీ సంగతి చెబితే ఎవరు కాదంటారు?"

మామ్మ టీ కప్పు కింద పెట్టింది.

"నా పేరు ఎత్తావంటే మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

"అదేంటి?"

"ఆయన కొండమీద మొనగాడిలా బతికాడు. ఇప్పుడు మూతి తుడిపించుకుంటున్నాడని పదిమందిలో చెప్పి జాలి అడుక్కుంటావా? నీకెందుకే ఇదంతా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"బస్సు లేకపోతే ఎలా వస్తావు?"

"నడిచొస్తాను. పెళ్ళికూతుర్నై కూడా ఆ కొండ నడిచే ఎక్కాను."

మామ్మ తలగుడ్డ కట్టుకుని చూరు కిందికి వెళ్ళి నిలబడింది. బస్సు వచ్చేదాకా లోపలికి రాలేదు.

మీటింగు రోజున మంచుతో కలిసిన వాన. మేయరు గారు తీర్మానం చదివారు. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు ఒనిత్సుక. హత్సుమి లేచింది. హాలంతా తలలు తిరిగాయి. మైకు దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. చెప్పగలిగిన ఒకే ఒక్క మాట చెప్పకూడదని మామ్మ కట్టడి చేసింది. ఇక మిగిలినదేమిటో ఆవిడకీ తెలియదు.

ఒనిత్సుక గ్లాసుతో నీళ్ళు పంపించాడు. "తొందరేం లేదు హత్సుమి గారూ. వాన ఎలాగూ తగ్గేలా లేదు."

ఆమె నీళ్ళు తాగి, తన చేతుల వంక చూసుకుంది.

"చైర్మన్ గారూ," అంది మెల్లగా, "నేను నా కుర్చీ వెనకాల నిలబడి మాట్లాడొచ్చాండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఒనిత్సుక పక్కకి తిరిగి సెక్రటరీ నరుసె వైపు చూశాడు. నరుసె రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, నిబంధన దాటి దగ్గడు కూడా. కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తిరగేశాడు.

"మైకు ముందు నిలబడాలని ఉందండీ. అయితే..." వంగి నేలమీదికి చూశాడు. "మైకు వైరు పొడుగే. అక్కడిదాకా వస్తుంది."

ఆయనే లేచి మైకు పట్టుకెళ్ళి ఆమె బల్లమీద పెట్టాడు. హత్సుమి వెళ్ళి తన ఖాళీ కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద రెండు చేతులూ ఆనించింది. రోజూ నిలబడేది అలాగే. ముందు ఒక తల ఉన్నట్టే ఉంది. ఊపిరి పీల్చుకుంది.

"బస్సు ఖాళీగా తిరుగుతోందన్నారు. నిజమే. రోజూ నా గుమ్మం ముందే ఆగుతుంది, నేనూ చూస్తున్నాను. నేను చెప్పేది ఈ బస్సు గురించి కాదు, ఇంకో బస్సు గురించి. మా ఆయన పట్నంలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం సెలూను మూసేసి రోజూ వెళ్ళేదాన్ని. ఆ వేళ పట్నం బస్సులో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. నేనూ, డ్రైవరూ, అంతే."

వేళ్ళు కుర్చీ మీద అటూ ఇటూ కదిలాయి, జుట్టు పాయ సరిచూస్తున్నట్టు.

"ఇంట్లో ఏడిస్తే పక్కింటి వాళ్ళకి వినిపిస్తుంది. సెలూన్లో ఏడిస్తే మీరంతా వెళ్ళిపోతారు. ఆసుపత్రిలో ఏడిస్తే ఆయనకి తెలిసిపోతుంది. నాకు ఏడవడానికి ఆ బస్సే దొరికింది. వెళ్ళేటప్పుడు చివరి మలుపు దాకా ఏడ్చి, మొహం తుడుచుకుని, నవ్వుకుంటూ దిగేదాన్ని. డ్రైవరు ఒక్కనాడూ వెనక్కి తిరగలేదు. మలుపుకి ముందు బండి కొంచెం మెల్లగా నడిపేవాడు. అది నాకోసమేనని చాన్నాళ్ళకి తెలిసింది. అందుకని చెబుతున్నాను. ఖాళీ బస్సులో ఎవరూ లేరనుకోకండి. ఒక మనిషి ఉన్నారు కదా."

చేపల మార్కెట్టు మెంబరు కొంచెం మొహమాటంగానే అడిగాడు.

"అంతా నిజమే అక్కా. మరి డ్రైవర్ని ఎక్కణ్ణుంచి తెద్దాం?"

"అది నాకు తెలియదురా. అలాంటివి తెలిసినవాళ్ళు మీరే. నాకు తెలిసింది నేను చెప్పాను," అని కుర్చీ చుట్టూ తిరిగొచ్చి అందులో కూర్చుంది.

మేయరు గారు ఆరోజుకి తీర్మానం వెనక్కి తీసుకున్నారు. వసంతంలో అది ఇంకో రూపంలో తిరిగొచ్చింది. పెద్ద బస్సు పోయింది. దాని బదులు ఒక చిన్న వ్యాను, ముందురోజు ఫోను చేస్తే కొండమీదికి వస్తుంది, ఆదివారం సెలవు. హత్సుమి కోరుకున్నది ఇంతే కాదు. అయినా చెయ్యెత్తింది.

చిత్రమేమిటంటే, హత్సుమి హాల్లో అన్న మాటలు మీటింగు రోజు సాయంత్రానికే షిగెనో మామ్మ చెవిన పడ్డాయి. అయినా వ్యాను సంగతి తేలేదాకా ఎత్తలేదు. తేలిన రోజు స్టవ్ దగ్గర కూర్చుని అడిగింది.

"తెయిజో పోయి ఇన్నేళ్ళైంది. నాతో ఎప్పుడూ అనలేదేమే?"

"నువ్వూ అనలేదుగా మామ్మా."

"నేనేం అనాలి?"

"ఏమో. బస్సులో ఏం చేస్తావో."

మామ్మ తలగుడ్డ విప్పి, మళ్ళీ కట్టుకుంది. "ఆదివారం ఆయనకి అన్నం ఎవరు పెడతారు?" అంది చివరికి, గోడతో చెబుతున్నట్టు.

ఆదివారాలు సెలూనుకి రద్దీ రోజు. అయినా మధ్యాహ్నం తలుపుకి "ఇప్పుడే వస్తాను" అన్న పలక తగిలించి హత్సుమే వెళ్ళడం మొదలుపెట్టింది. గడ్డం పెట్టె కూడా పట్టుకెళ్ళేది. ఎయికిచి తాతకి వేడి తువ్వాలు మొహాన వేస్తే కళ్ళు మూసుకుని పసివాడిలా నిట్టూర్చేవాడు. మిగతా రోజుల్లో ముద్ద మింగనని మొరాయించే మనిషి, గడ్డం గీసిన తర్వాత బుద్ధిగా తినేవాడు. ఆవిడ చేపల కబుర్లు చెబుతూ తినిపించేది. ఆయన ఒకసారి, "నువ్వు బాగా వాగుతావమ్మాయ్," అన్నాడు. తర్వాత అది చెబితే మామ్మ కడుపుబ్బ నవ్వింది.

వానాకాలం మొదట్లో ఎయికిచి నిద్రలోనే పోయాడు. చివరి గడ్డం హత్సుమే గీసింది. కత్తి పట్టుకున్నంతసేపూ నోరు మెదపలేదు. మామ్మ పక్కన కూర్చుని భర్త చెవి వెనక సబ్బు నురుగు మెత్తని గుడ్డతో తుడిచి, "మొనగాడిలా ఉన్నాడు," అంది.

ఆ తర్వాత మామ్మ కొండ దిగడం మానేసింది. దిగడానికి పనేముంది? వానలూ, వాటి వెనకే వచ్చే వేసవీ గడిచాయి. ఒక సోమవారం, సెలూనుకి సెలవురోజు, హత్సుమి ముందుగా ఫోను చేసి వ్యానెక్కింది. ఊరికి వచ్చి ఇన్నేళ్ళైనా ఒకుతాని ముఖం చూడలేదావిడ. మెలికల దారి. సగం దూరం వెళ్ళేసరికి కడుపులో తిప్పింది. పైన దిగేసరికి మొహం పాలిపోయింది. షిగెనో మామ్మ గడప దగ్గరే నిలబడి ఉంది.

"ఈ దారి కోసమా నువ్వు అంత మాట్లాడింది?"

"ఇలా ఉంటుందని తెలిస్తే నోరు మూసుకుని కూర్చునేదాన్ని మామ్మా."

మామ్మ ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, మిరియాల వాసన కొట్టే వేడినీళ్ళేవో తాగించింది. ఎదురుగా చెట్టునిండా టమాటాల్లాంటి వగరు పెర్సిమన్ పళ్ళు. ఒలిచి, తాడుకి గుచ్చి చూరుకి ఎండగడితే గానీ తియ్యగా మారవు. బుట్టెడు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ చెరో చాకూ పట్టుకున్నారు. మామ్మ తొక్క తెంపకుండా తీస్తూ తన పెళ్ళి గురించి మొదలుపెట్టింది, బొగ్గుల పొగలో ఎయికిచిని మొదటిసారి చూసి ఎలా జడుసుకుందో. హత్సుమి అడ్డురాకుండా వింది. తర్వాత తను తెయిజో గురించి చెప్పింది.

కింద వ్యాను హారన్ కొట్టింది.

"పొమ్మను," అంది మామ్మ. "ఇంకా సగం బుట్టైనా అవలేదు. ఈ పూటకి ఉండిపో."

హత్సుమి అరుగు చివరికి వెళ్ళి, డ్రైవరుకి రేపు పొద్దున్న రమ్మని చెయ్యి ఊపి, మళ్ళీ వచ్చి చాకూ అందుకుంది.