కాగితాల డబ్బాలో నికోబార్

నికోబార్ దీవుల్లో పడవంత తాబేలు ఒడ్డెక్కుతుంటే, ఇసుకలో బోర్లా పడుకుని మూడడుగుల దూరం నుంచి ఫోటో తీసినవాణ్ణి నేను. నాందేడులో నా స్టూడియోకు వచ్చి ఈ కథ వినకుండా బయటపడ్డవాళ్లు తక్కువ. ఆ ఫోటో ముందరి అద్దాల బీరువాలో ఉండేది. తాబేలు పక్కన కొలతకు ఏమీ లేదు కాబట్టి, చెప్పినప్పుడల్లా అది కాస్త పెరిగేది.

ఇప్పుడు తగ్గిస్తాను. అది పడవంత కాదు, పళ్లెమంత. ఇసుక మన గోదావరిది. నికోబార్‌కు నేను పోనేలేదు.

పోదామనుకున్న మాట మాత్రం నిజం. నేనూ, మా అక్క భర్తా. బావ ఇక్కడి బడిలో లెక్కల మాస్టరు. అప్పటికి ముప్పై దాటినా సముద్రం చూడలేదు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఒకనాడు చాయ్ తాగుతూ నేనే ఆశపెట్టాను.

"మద్రాసుల జహాజు ఎక్కుదాం బావా. చలికాలంల తాబేళ్లు గుడ్లు పెట్టనీకి గట్టుకస్తయట. ఫోటోలు తీసుకొనద్దాం."

మరునాటికి నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు. బడిలోని పటం మీద దారం పెట్టి దీవుల దూరం కొలిచాడు. ఆదివారాలు తెల్లవారగానే నా కెమెరా పట్టుకుని ఇద్దరం గోదావరి ఒడ్డుకు సాధనకు పోయేవాళ్లం. ఆయన కెమెరాతో కొంగకంటే కదలకుండా కూర్చునేవాడు. నేను బీడీ ముట్టించేవాణ్ణి. దీవిలో స్టూడియో ఉండదు కదా అని, రీలు కడగడం, ప్రింటు వేయడం కూడా నా చీకటిగదిలో నేర్చుకున్నాడు.

ఆ దీవులకు సర్కారు అనుమతి కావాలి. బావ దరఖాస్తు నింపి, తన ఫోటోలు మూడు జతచేసి, పోస్టు చేయమని నాకిచ్చాడు. ఆ ఫోటోలు నేనే తీశాను. నవ్వొద్దన్నా నవ్వాడు.

నేను పోస్టు చేయలేదు. సముద్రమంటే భయం. నావలో నది దాటాలన్నా రెండు చేతులా అంచు పట్టుకునేవాణ్ణి. దరఖాస్తును ఫోటో కాగితాల డబ్బాలో దాచాను. వెలుతురు తగిలితే కాగితం పాడవుతుందని ఆ డబ్బా ఎవరూ ముట్టరు. బావకు కావలసిన కాగితం కూడా నేనే తీసిచ్చేవాణ్ణి.

బడి వదలగానే రోజూ వచ్చేవాడు.

"కాగితం అచ్చిందా బామ్మర్దీ?"

"సర్కారు పని బావా. జల్దీ ఎట్లయితది?"

"పోస్టుమన్‌ను అడిగినవా?"

"రోజు అడుగుతున్న. నన్ను జూస్తే సైకిల్ మలుపుకొని పోతున్నడు."

ఒక చలికాలం పోయింది. రెండోది వచ్చింది. ఒక సాయంత్రం నేను గిరాకీతో ఉండగా, బావ ప్రింటు వేసుకోవడానికి తానే చీకటిగదిలోకి పోయాడు. నేను నేర్పినట్టే తలుపు మూసి, ఎర్రదీపం వేసి, డబ్బా తెరిచాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"డబ్బల కాగితాలు తక్కువున్నయి. తెప్పియ్యి" అన్నాడు. అంతే.

ఆయన పోయాక చూశాను. దరఖాస్తు ఉంది. మూడు ఫోటోలు లేవు.

ఆ ఆదివారం ఆయన నదికి రాలేదు. కాగితం సంగతి మళ్లీ ఎన్నడూ అడగలేదు. నేను మాత్రం తాబేలును అద్దాల్లోంచి తీయలేదు. గిరాకీకి నికోబార్ కథ చెబుతూ, గుమ్మంలో బావ కనిపిస్తే గొంతు తగ్గించేవాణ్ణి. ఆ తగ్గించడం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన ఈనాటికీ సముద్రం చూడలేదు.

ఇంతవరకు రాసి, ఈ వయసులోనైనా మాఫీ అడుగుదామని, మొన్న బావకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"అంత మంచిగనే రాసినవ్. సముద్రమంటే భయమని రాసినవ్ సూడు, గా మాట కొట్టెయ్."

"ఎందుకు బావా?"

"గా తాబేలు ఫోటో తీసింది నేను. నువ్వు గా రీలు కడిగి సూసిన తెల్లారే నీకు సముద్రమంటే భయమైంది."