నెలనెలా గృహప్రవేశం

టోక్యోలో సుమిదా ఏటి గట్టున, నీలం పట్టాలు కప్పిన గుడిసెల వరసలో చివరిది ఇగరాషి ముసలాయనది. అట్టముక్కల ఇల్లే అయినా, గుమ్మం బయట చెప్పులు విడవనిదే ఎవర్నీ లోపలికి రానివ్వడు. నెలకోసారి గట్టు ఊడవడానికి మునిసిపాలిటీ వాళ్లు వస్తారు. ఆ పొద్దున ఇళ్లన్నీ విప్పి పై రోడ్డుకి మోసుకోవాలి. కింద మిగిలిందల్లా చెత్తబండిలోకే. సాయంత్రం మళ్లీ ఎవరి చోట వాళ్లు కట్టుకుంటారు. కొత్తింట్లో దిగినవాడు ఇరుగుపొరుగుకి నూడుల్స్ పెట్టాలని ఆచారం. అందుకని ఇగరాషి ప్రతిసారీ వేడి గిన్నె పట్టుకుని పక్క గుడిసె ముందు నడుం వంచుతాడు. "కొత్తగా దిగానండీ. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

"నిన్న రాత్రి కూడా ఇక్కడే గురకపెట్టి మా ప్రాణాలు తోడేశావుగా పెద్దాయనా!" అంటూనే ఆ గుడిసెలో ఉండే తోకియె గిన్నె అందుకుంటుంది.

ఈసారి ఊడ్చే రోజుకి ముసలాయన జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇల్లు చెత్తబండి ఎక్కేసే ఉంటుందనుకుంటూ సాయంత్రం గట్టు దిగాడు. ఇల్లుంది! పట్టా ముడులు తను వేసినవి కావు, గుమ్మం కాస్త వంకరపోయింది, తన పాత చెప్పులు మాత్రం బయట జతగా పెట్టి ఉన్నాయి. అంతలో తోకియె, ఆమె వెనక గట్టు జనమంతా, పొగలు కక్కే గిన్నెతో వచ్చి నడుం వంచారు.

"మీ పక్కింట్లో కొత్తగా దిగామండీ. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

ఇగరాషి కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, గిన్నె రెండు చేతులా అందుకున్నాడు.

"అలాగే, అలాగే. ఇంతకీ ఏ ఊరు మీది?"