అవ్వ చెవికి గరాటు

కొత్తకోడలి మాట పక్కగదిలోకి కూడా వినపడకూడదని పెద్దవాళ్ళు గట్టిగా నమ్మిన కాలం అది. నగరి నుంచి నన్ను పాకాలకు కాపురానికి పంపుతూ మా అమ్మ చెప్పిన బుద్ధులన్నింటిలోకీ పెద్దది అదే. తీరా అత్తగారింట్లో నాకు అప్పగించిన పనేమో మా ఆయన నాయనమ్మను చూసుకోవడం. ఇంటిల్లిపాదీ ఆవిడను అవ్వ అనేవాళ్ళం. అవ్వకు చెవుడు. రైలుకూత కూడా ఎవరో దూరాన నిట్టూర్చినట్టు వినపడేదట (ఆవిడే చెప్పింది). దాంతో కాపురానికి వచ్చిన నెల తిరక్కముందే, నేను “అవ్వా, నీళ్ళు కాగినాయి” అని కేక పెడితే వీధి వీధంతా స్నానానికి లేచే పరిస్థితి వచ్చింది. పాలుపోసే ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఇంత సన్నటి మనిషి అంత గొంతు ఎక్కడ దాచుకుందో అని మా అత్తగారితో అంది. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను, అదీ చప్పుడు లేకుండా.

మా ఆయన బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. బడి వదిలాక ఆ చదువు నా మీద పడేది. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకడమే గగనం. ఒక్క చుక్క కిందపడకుండా నేను గరాటు పెట్టి దీపంలో పోస్తుంటే, దీన్ని ఫన్నెల్ అంటారు అని పాఠం మొదలుపెట్టాడు. మా పుట్టింట్లో అరవం కలిసిన తెలుగులో పునలు అనేవాళ్ళం, అత్తగారింట్లో గరాటు అనడం నేర్చుకున్నాను, ఇప్పుడు ఇది మూడో పేరు. అంతటితో ఆగక, ఆదివారం స్టేషనుకు తీసుకుపోయి ఇంజను నెత్తిమీది పొగగొట్టం చూపించి, అదీ ఫన్నెలే అన్నాడు. పోసేదానికీ ఊదేదానికీ ఒకటే పేరేమిటి అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, చెదిరిపోయేదాన్ని ఒక దారిలో పెట్టేది ఏదైనా ఫన్నెలే అని తేల్చాడు (అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయనకు మాత్రం తెలుసని అనుకోను). అట్లయితే అవ్వ చెవికి ఒకటి పెడితే నా గొంతు వీధిలోకి చెదిరిపోకుండా ఉంటుంది కదా అన్నాను. నేను ఎగతాళికే అన్నాను. ఆయన తిన్నగా బజారుకు నడిచాడు.

బజారులో రేకుపని చేసే ఆయన ఒక ఖాళీ నేతిడబ్బాను కత్తిరించి, పళ్ళెమంత నోరూ వేలంత గొట్టమూ ఉన్న గరాటు చేసి, చెవికి గుచ్చుకోకుండా అంచుకు గుడ్డపీలిక చుట్టి ఇచ్చాడు. దాన్ని చూడగానే అవ్వ, చెవిలో నూనె పోయడానికి వచ్చామనుకుని చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. లేపి కూర్చోబెట్టి చెవికి ఆనించేసరికి అందరం చుట్టూ చేరాం. తీరా ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. చివరికి మా ఆయన అలవాటుకొద్దీ గొంతెత్తి, వినపడుతోందా అని అరిచాడు. అవ్వ ఉలిక్కిపడి, “ఎందుకురా అట్లా అరుస్తావు? నేనేమన్నా సెవిటిదాన్నా?” అంది.

ఆ తరువాత నా వంతు వచ్చింది. నేను మా అమ్మ నేర్పిన గొంతుతో, అన్నం పెట్టేదా అవ్వా అన్నాను. అవ్వ గరాటు దించి నా ముఖంలోకి చూసింది. “నీ గొంతు ఇంత మెత్తన అని నాకు తెలీదు పాపా. ఎప్పుడు సూసినా నోరు పెద్దది చేస్తా ఉంటే గయ్యాళి పిల్ల అనుకుంటిని” అంది.

అది మొదలు గరాటు అవ్వ ఒడిలోంచి దిగేది కాదు. కాకి అరిచినా కూర తాలింపు చిటపటమన్నా దాన్ని అటు తిప్పేది. అట్లా లోకంలోని చప్పుళ్ళన్నీ తీరికగా ఏరుకుంటున్నప్పుడే, కార్వేటినగరంలో ఉన్న ఆవిడ చెల్లెలు మంచం పట్టిందని కబురు వచ్చింది. చిన్నవ్వ అనేవాళ్ళం ఆవిడను, నేనైతే అప్పటికి చూడనే లేదు. మా మామగారి పెళ్ళిలో తాంబూలం తనకు ముందుగా ఇవ్వలేదని అలిగి వెళ్ళిన మనిషి, మళ్ళీ మా గడప తొక్కలేదు. అవ్వా తగ్గలేదు. తాంబూలం ఇప్పించిన పెద్దలందరూ పోయారు, అలక మాత్రం మిగిలింది. కబురు విన్న అవ్వ గరాటును పైట చెంగులో చుట్టుకుని, “పోదాం పదండి. దాని గొంతు ఇని ఎన్నేండ్లాయనో” అంది.

మా ఆయనా నేనూ అవ్వను తీసుకుని తిరుపతి మీదుగా పుత్తూరు దాకా రైల్లో వెళ్ళి, అక్కడ బస్సెక్కాం. పెట్రోలు లేక కట్టెబొగ్గుతో నడిచే బస్సు. వెనకాల పీపా లాంటి పొయ్యి, దానికి గాలి కొట్టడానికి ఒక మనిషి. సగం దారిలో ఇంజను బుసకొట్టి నిలిచిపోయింది. ఇంజనుకు దాహమైందన్నాడు డ్రైవరు. నీళ్ళున్నాయి కానీ పోయబోతే సగం నేలపాలవుతున్నాయి. అవ్వ కిటికీలోంచి ఇదంతా చూసి, ఎవరూ అడక్కముందే చెంగు విప్పి గరాటు చాచింది. డ్రైవరు దండం పెట్టి తీసుకున్నాడు. బస్సు కదిలింది, అందరూ అవ్వను మెచ్చుకున్నారు. కార్వేటినగరంలో దిగాక మా ఆయన వెళ్ళి గరాటు అడిగితే, డ్రైవరు నాలుక కరుచుకున్నాడు. నీళ్ళు పోశాక దాన్ని చక్రం మీది రేకు మీద పెట్టాడట. ఏ గుంతలో ఎగిరి పడిందో దేవుడికే తెలియాలి.

పాత కోట వెనక చిన్న ఇల్లు. చిన్నవ్వ గొంతు దారమంత సన్నగా ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, ఎదుటిమనిషి ముసలిదైపోయినందుకు ఆశ్చర్యపోతున్నట్టు చూసుకున్నారు. చిన్నవ్వ ఏదో అంది. నేను నా పాత గొంతు బయటికి తీసి, “అక్కా అంటా ఉండాది అవ్వా” అని అరిచాను. అంతే, ఇరుగుపొరుగు గుమ్మంలో మూగారు. చిన్నవ్వ చెయ్యెత్తి నన్ను ఆపింది. “నువ్వు అరవొద్దు పాపా. ఇది ఊరికి సెప్పే మాట కాదు” అంది. అవ్వ తల దగ్గరికి లాక్కుని, చెవిలో పెదవులు పెట్టి చాలాసేపు చెప్పింది. మేము మర్యాదకొద్దీ బయటికి వచ్చేశాం. గుమ్మంలోంచి చూస్తే అవ్వ కళ్ళు మూసుకుని ప్రతిమాటకూ తల ఊపుతోంది. చెప్పడం అయ్యాక చిన్నవ్వ ముఖం తేటపడింది. అవ్వ ఆవిడ చెంప నిమిరి, సరేలే అంది. వినపడిందనే అనుకున్నాను.

తిరుగు రైల్లో అవ్వ నా మోచేయి తట్టి, “ఏమన్నది పాపా?” అని అడిగింది. నాకూ వినపడలేదని అరిచాను, పెట్టెలో వాళ్ళందరూ తిరిగి చూశారు. “నాకు ఊపిరి మాత్రం తగిలింది” అని అవ్వ కిటికీ వైపు తిరిగింది. అప్పుడు తట్టింది మా ఆయనకూ నాకూ, ఆ ఊళ్ళో ఏ నూనె అంగడిలో అడిగినా గరాటు ఇచ్చేవాళ్ళని. ఒకరిది నగరి తెలివి, ఒకరిది ఇంగ్లీషు తెలివి.

మా ఆయన వెంటనే ఇంకో గరాటు చేయించాడు. వానలు తగ్గగానే మళ్ళీ పోదామనుకున్నాం. వానలు తగ్గకముందే చిన్నవ్వ పోయింది.

చాలా రోజులు అవ్వ ఆ కొత్త గరాటు ముట్టుకోలేదు. ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం నేనే దాన్ని ఆవిడ చెవికి ఆనించి, చిన్నవ్వ ఏమన్నదో ఆ రోజు నాకు కొంచెం వినపడిందని చెప్పాను. “అక్కా, తప్పు నాదే, మనసులో పెట్టుకోవద్దు, నీ మీద ఎంత బెంగగా ఉండిందో అన్నది” అన్నాను. అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“తప్పు నాదే అనే మాట మా సెల్లెలి నోట ఎప్పుడూ రాలేదు పాపా. అయినా ఇనేదానికి బాగుండాది. ఇంగొకసారి సెప్పు.”

రెండోసారి చెప్పేటప్పుడు నాలుగు తిట్లు కలిపాను. తాంబూలం సంగతి ఎత్తి, నీకు కొవ్వెక్కువ అక్కా అని కూడా చిన్నవ్వ చేత అనిపించాను. అవ్వ తృప్తిగా తల ఊపి, ఇప్పుడు దాని మాదిరే ఉండాది అంది. ఇప్పటి ఈ వయసులో అయితే నాకు అంత ధైర్యం వచ్చేది కాదు. తెలియనిది తెలియదని చెప్పి ఊరుకునేదాన్ని. కాపురానికి వచ్చి ఏడాది తిరగని ఆ పిల్లకు అన్ని తిట్లు అంత వెంటనే ఎక్కణ్ణుంచి వచ్చాయో, తలచుకుంటే నవ్వొస్తుంది.