వంటింట్లోకి తెరుచుకునే కిటికీ

ఇవాళ ఆఫీస్‌కి వేసుకున్న కోటుకి ఇంగువ వాసన పట్టింది. చిన్నప్పుడు అమెరికాలో ఆష్‌బర్న్ ఊరి బయట మేం అద్దెకున్న పాత రాతి ఇల్లు గుర్తొచ్చి, ఇన్నేళ్ల కోపం మళ్లీ లేచింది.

ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఇల్లది. తర్వాత ఉన్నవాళ్లు తలో గదీ అతికించారు. వెనకగోడకి వంటిల్లు కలిపినప్పుడు ఆ గోడలోని కిటికీని మూయకుండా వదిలేశారు. ఆ గదే నాకిచ్చారు. అక్క కిటికీలోంచి పొలం, గుర్రాలు కనిపించేవి. నా కిటికీలోంచి పొయ్యి కనిపించేది. నాకు బయట కనబడకూడదనే వంటిల్లు అక్కడ కట్టారని నమ్మాను.

“నీ కిటికీలో ఎప్పుడూ కుకింగ్ షోనేనా?” అని అక్క నవ్వేది.

“అమ్మా, నా రూమ్ ఛేంజ్ చెయ్యి. స్కూల్లో నా కోటు స్మెల్ వస్తోందంటున్నారు.”

“ఈ వింటర్ అవనీవే, చూద్దాం,” అనేది అమ్మ, గరిట తిప్పుతూ నా వైపే చూస్తూ.

ఎన్ని వింటర్లు అయినా గది మారలేదు. చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవట. వంట చేస్తూ కూడా నన్ను కనిపెట్టుకుని ఉండటానికే అమ్మ ఆ గది ఎంచిందని పెద్దయ్యాక తెలిసింది. అయినా, అక్కకి పొలం ఇచ్చి నాకు పోపు ఇచ్చిన సంగతి మరిచిపోయేంత ఓపిక నాకింకా రాలేదు.