శుక్రవారం నడిచిన ఇల్లు

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా పై అంతస్తులో ఉండే అమ్మాయిది ఇండోనేషియా. సులవేసి దీవిలో సముద్రం ఒడ్డున వాళ్ళదో చిన్న ఊరు. ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తోంది. మొదట్లో మెట్ల మీద ఎదురుపడితే హలో అనుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు. ఓ ఆదివారం నేను కిటికీలన్నీ తెరిచి, ఎవరేమంటారోనని భయపడుతూనే, ఎండు చేపలు వేయించాను. కాసేపటికి ఆమె వచ్చి తలుపు కొట్టింది. వాసన గురించి గొడవపెట్టుకోవడానికే వచ్చిందనుకుని క్షమాపణ మొదలుపెట్టాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"నాక్కొంచెం పెడతావా?" అంది.

ఆ రోజు మా బల్ల దగ్గర కూర్చుని చేత్తో అన్నం కలుపుకుని తింది. మా అమ్మాయిని అడిగి 'అక్కా' అనే మాట నేర్చుకుంది. మేం మాట్లాడుకునేది సగం జర్మన్, సగం ఇంగ్లిష్. ఆ 'అక్కా' ఒక్కటే తెలుగు.

వసంతం వచ్చాక ఒక సాయంత్రం డ్యూటీ నుంచి దిగులుగా నేరుగా మా ఇంటికే వచ్చింది.

"మా మావయ్య అమ్మని ఇల్లు తీసుకెళ్ళిపొమ్మన్నాడు అక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. భర్త పోయిన ఆడమనిషిని, సొంత అన్న, ఇల్లు ఖాళీ చెయ్యమంటాడా అని తిట్టడం మొదలుపెట్టాను.

"ఖాళీ చెయ్యమనలేదు," అంది. "ఇల్లు తీసుకెళ్ళమన్నాడు. ఇల్లు అమ్మదే కదా."

మా ఆయన లాప్‌టాప్ మూసి ఇటు తిరిగాడు. ఆయనది వరంగల్. "గదేంది? ఇల్లేమన్న సూట్‌కేసా, తీస్కపోనీకి?"

అప్పుడు విడమరిచి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో పాత ఇళ్ళన్నీ కర్రవే. మనిషి ఎత్తు గుంజల మీద నిలబడి ఉంటాయి. నేల ఒకరిది, దాని మీది ఇల్లు మరొకరిది కావచ్చు. ఒడ్డునున్న నేలని తాత తన కొడుక్కి, అంటే ఈ మావయ్యకి, ఇచ్చాడు. మావయ్య సరే అన్నాక వీళ్ళ నాన్న దాని మీద ఇల్లు కట్టాడు. ఇప్పుడా మావయ్య కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఇటుకల ఇల్లు కట్టాలి. ఊరి పద్ధతి ప్రకారం ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. కానీ అన్న ఆ మాట తనతో చెప్పకుండా కొడుకుతో కబురంపాడని వాళ్ళమ్మకి కోపం వచ్చింది. అప్పటినుంచి అన్నతో మాట్లాడటం మానేసింది.

"మరెక్కడికి తీసుకెళ్తారు?" అన్నాను.

"గుట్ట వైపు అమ్మకి కొంచెం నేలుంది. అమ్మమ్మ ఇచ్చింది. కానీ దాని మీద కొబ్బరి చెట్లు చిన్నమ్మమ్మవి. ఆవిడ నాటింది కాబట్టి ఆవిడవే."

మా ఆయన వేళ్ళు మడుస్తూ, "భూమి ఒకలది, ఇల్లు ఒకలది, చెట్లు ఇంకొకలయి. మరి గాలెవలది?" అన్నాడు. ఏడుపు ముఖంతో వచ్చిన పిల్ల పకపకా నవ్వేసింది.

చిన్నమ్మమ్మతో సంప్రదింపులు మా బాల్కనీలోంచి జరిగాయి. పైన ఆమె గదిలో నెట్ సరిగ్గా అందేది కాదు. ఫోన్‌లో ఆ ముసలావిడ ముఖం ఎప్పుడూ సగమే కనిపించేది. ఒక కన్ను, ఒక చెవి, వెనకాల కోళ్ళు. ఇల్లు పట్టాలంటే రెండు చెట్లు కొట్టాలి. ఆవిడ ఒక్క మట్ట కూడా ముట్టుకోనివ్వనంది. మనవరాలు బతిమాలింది, అలిగింది, మళ్ళీ బతిమాలింది. నాకు భాష అర్థం కాకపోయినా సంగతంతా తెలిసిపోతూనే ఉండేది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ సరిగ్గా అదే గొంతుతో కాదంటారు.

చివరికి ఒక రోజు ఆమె ఫోన్ పెట్టేసి నన్ను గట్టిగా కావలించుకుంది. "ఒప్పుకుంది అక్కా! ఒక చెట్టు కాయడం మానేసిందట. దాన్ని కొట్టుకోమంది. ఆ మొద్దుతో ఇంటికి కొత్త మెట్లు చేయించాలట. రెండోది అలాగే ఉండాలి, ఇంటినే కాస్త పక్కకి జరపమంది."

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇల్లు మోయడమని నిశ్చయమైంది. ఊరి మగవాళ్ళంతా అప్పటికే ఒకచోట చేరి ఉంటారు కాబట్టి అక్కడ ఎప్పుడూ ఆ రోజే మోస్తారట. వాళ్ళకి మధ్యాహ్నమంటే మనకి పొద్దున. బడికి సెలవులు. నేను పెసరట్లు పోస్తున్నాను. మా ఆయన ఆమె ఫోన్‌ని టీవీకి కలిపాడు. అక్కడ ఆమె తమ్ముడు వరసయ్యే కుర్రాడు వీడియో తీస్తున్నాడు.

మా గోడ మీది టీవీలో ఆ ఇల్లు కనిపించింది. నీలం రంగు కిటికీలు, రేకుల కప్పు. సామాను ముందే దించేశారు. గుంజలకి అడ్డంగా లావుపాటి వెదురు బొంగులు కట్టారు. ఇంటి కింద, చుట్టూ, ఎటు చూసినా మనుషులే. ఒకాయన మైకు పట్టుకుని అరిచాడు. అందరూ ఒక్కసారిగా ఊపిరి బిగించారు. ఇల్లు లేచింది.

"అమ్మా, గుక్ మాల్! దస్ హౌస్ లాయ్ఫ్ట్!" అని జర్మన్‌లో అరుస్తూ మా అమ్మాయి సోఫా మీద గెంతడం మొదలుపెట్టింది. నిజంగానే ఇల్లు నడుస్తోంది. కింద వందల కాళ్ళతో, కాస్త ఊగుతూ, కేకలూ నవ్వులతో గుట్ట వైపు వెళ్తోంది. పెనం మీద అట్టు మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో బొమ్మ ఆగిపోయింది. ఇల్లు గాల్లో ఉంది, మనుషుల నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, ఇక కదలదే! మా ఆయన రూటర్ దగ్గరికి పరిగెత్తాడు. ఇంతలో ఆమెకి డ్యూటీ సంగతి గుర్తొచ్చింది. నా ఫోన్ తీసుకుని వృద్ధాశ్రమంలో తన పైఅధికారిణికి ఫోన్ చేసింది.

"కొంచెం ఆలస్యమవుతుంది. మా ఇల్లు దారిలో ఉంది," అంది కంగారుగా.

అవతలావిడ, "ఉమ్‌ట్సుగ్‌లో ఉన్నావా? ఇల్లు మారితే ఒక రోజు సెలవు ఇస్తాం కదా, ముందే ఎందుకు చెప్పలేదు? ఈ రోజుకి రావద్దు," అని పెట్టేసింది. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు.

టీవీలో బొమ్మ మళ్ళీ కదిలేసరికి ఇల్లు ఆగి ఉంది. గుట్ట ఎక్కే చోట మెత్తటి మట్టి. ఒక మూల కుంగింది, అక్కడి వాళ్ళ కాళ్ళు దిగబడుతున్నాయి. మైకు ఆయన ఇంకా మనుషులు కావాలని అరుస్తున్నాడు. దూరంగా, పొయ్యిల దగ్గర అరటిపండు మిఠాయిలు ఉడికిస్తున్న ఆడవాళ్ళ మధ్యలోంచి, వాళ్ళమ్మ లేచి నిలబడింది.

అప్పుడు ఒడ్డు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, నమాజుకి కట్టుకున్న మంచి లుంగీ. అప్పటిదాకా ఆ గుంపులో ఆయన లేడు. చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టి, బురదలో దిగి ఆ కుంగిన మూల బొంగు కింద భుజం పెట్టాడు.

"మావయ్య," అంది ఆమె, చాలా చిన్నగా.

మైకు మళ్ళీ అరిచింది. ఇల్లు లేచింది. వాళ్ళమ్మ గబగబా నడిచి ఇంటి పక్కకి వచ్చేసింది. అన్నని చూస్తూ ఏదో గట్టిగా అంది. మోసేవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

"ఏమంది? ఏమంది?" అని మేమందరం ఒకేసారి అడిగాం.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "నీ నడుం సంగతి మర్చిపోయావా, మెల్లగా పట్టుకో అంది."

చాలా నెలల తర్వాత అన్నతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. ఇల్లు కొత్త చోట దిగాక మొదటి మిఠాయి పళ్ళెం తీసుకెళ్ళి ఆయనకే ఇచ్చింది. మేం ఇక్కడ మిగిలిన పిండితో అట్లు పోసుకుని పండగ చేసుకున్నాం.

మర్నాడు ఆమె వృద్ధాశ్రమంలో పైఅధికారిణికి నిజం చెప్పి వీడియో చూపించింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక, హాల్లో పెద్ద తెర మీద వేయించిందట. అక్కడి ముసలివాళ్ళు కాఫీ వేళకి రోజూ అదే పెట్టమని అడుగుతున్నారట. సెలవు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి వేసవిలో ఆమెతో పాటు మేమూ ఆ ఊరు వెళ్ళాం. గుట్ట మీద ఇల్లు కాస్త ఒరిగింది, వంటింటి తలుపు పైకి ఎత్తితేగాని మూసుకోదు. కింద ఒడ్డున మావయ్యగారి ఇటుకల ఇల్లు ధగధగలాడుతోంది. కానీ మధ్యాహ్నాలు అందులో ఉడికిపోతున్నానని ఆయన చెల్లెలి వసారాలోకి వచ్చి నడుం వాలుస్తాడు. అన్నాచెల్లెళ్ళు కాఫీ తాగుతూ పోట్లాడుకుంటారు.

చిన్నమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, జర్మనీలో మా ఇల్లు ఎలా ఉంటుందని అడిగింది. మనవరాలు ఒకరి మాట ఇంకొకరి భాషలోకి మార్చి చెబుతోంది. అద్దె ఇల్లండీ, మూడో అంతస్తు, కింద వేరేవాళ్ళు, పైన మీ మనవరాలు అన్నాను. ఆవిడ అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంది.

"పైనొకళ్ళు, కిందొకళ్ళా? మరి మీ ఇల్లు తీసుకెళ్ళాల్సి వస్తే ఎలా?"

"తీసుకెళ్ళలేమండీ. సామాను మాత్రమే," అన్నాను.

ఆవిడ అయ్యో అన్నట్టు నా బుగ్గ నిమిరింది. మా ఆయన అప్పటికే వసారాలో మావయ్యగారి పక్కన చాప మీద వాలి, సముద్రపు గాలికి హాయిగా గురక పెడుతున్నాడు.